ఎడమ మోకాలు, లోపలి పక్క

తల మీద మోపు ఉంటే ఎక్కడో ఒకచోట దించుతాం. గట్టు కనిపిస్తే దానికి ఆనిస్తాం. లేకపోతే ఎదురొచ్చినవాళ్లను ఒక చెయ్యి వేయమంటాం. నేను మోస్తున్నదానికి చెయ్యి వేసేవాళ్లు లేరు. మొన్నమొన్నటి దాకా అది నా దగ్గర ఉందని ఎవరికీ తెలియదు. నా కొడుకుకు తప్ప. వాడు ఎన్నడూ దాని మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్న తల్లీకొడుకులం, ఇన్నేళ్లు దాని పక్కనుంచే నడిచాం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ పూర్తిగా కాదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. పేర్లు మార్చి రాస్తున్నాను. ఊరు గొల్లపల్లి పక్కన ఏదో ఒకటి అనుకోండి. నన్ను మా ఊళ్లో గట్టి మనిషి అంటారు. నీళ్లు ఒలికినా ఊరుకోదు, దీపం ఊరికే వెలిగినా ఊరుకోదు అంటారు. నిజమే. ఒలికింది మళ్లీ ఎత్తుకోలేం కదా అని నా భయం. ఆ భయం ఉన్న మనిషినే ఒక మాటను ఒలకబోశాను.

మాది కల్లు గీసే కులం. నా భర్త తాటిచెట్టు మీది నుంచి పడి పోయాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకు తెగలేదు, కాలు జారింది, అంతే. అప్పటికి మా గంగాధర్ చెట్టెక్కే వయసుకు వచ్చాడు. నేను ఎక్కనివ్వలేదు. తండ్రి మోకును దూలానికి కట్టేసి, దాన్ని ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని చెప్పాను. మరి బతుకు? బావులు ఎండిన ఏళ్లు అవి. మా వాడకట్టులో మగవాళ్లంతా దుబాయ్, మస్కట్ అని పోతున్నారు. పోలేనివాళ్లు సిరిసిల్ల మగ్గాల మీదికి, అక్కడా లేకపోతే ఇంకా దూరం. మిగిలింది ఆడవాళ్లం, ముసలివాళ్లం, గంగాధర్.

వాడికి ఒకటే వచ్చు. కబడ్డీ. ఆ రోజుల్లో మా దిక్కు ఊళ్లు పంతానికి పోయి, పైసలిచ్చి బయటి ఊరి ఆటగాళ్లను తెచ్చుకునేవి. గంగాధర్ పట్టేవాడు. బరి మూలలో వంగి నిలబడి, కూతకు వచ్చినవాడి చీలమండ అందుకున్నాడంటే ఇక వదిలేది లేదు. అందరూ వాడిని పట్టకారు అని పిలిచేవారు. పిలిచినప్పుడల్లా లోలోపల మురిసిపోయేదాన్ని, పైకి మాత్రం 'పట్టకారు కూడు పెడుతుందా' అని కసిరేదాన్ని.

నాకూ ఒక విద్య ఉంది. బెణుకులు రుద్దడం. మా అత్త నేర్పింది. ఇప్పనూనె వేడి చేసి, వేలితో వెతుక్కుంటూ పోతే నరం ఎక్కడ తప్పిందో చేతికి తెలుస్తుంది. దీనికి ఏమీ తీసుకోకూడదు. ఇంకొక కట్టు కూడా ఉంది. చేతికి తెలిసింది నోటికి రాకూడదు. ఎవరి మోకాలు కదిలిందో, ఎవరి భుజం పట్టు తప్పిందో బయటికి పొక్కితే ఏడాదికోసారి చెట్లు పంచుకునేటప్పుడు కులపెద్దలు వాడికి చెట్లివ్వరు. ఎక్కలేడని పక్కన పెడతారు. ఒక ఇంటి కూడు పోతుంది. అందుకే గీత పనివాళ్లు డాక్టరు దగ్గరికి పోకుండా, చూసేవాళ్లు లేని వేళ మా గడపకు వచ్చేవారు. మా అత్త కన్నుమూసే దాకా ఒక్కరి పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఆ రోజు దాకా.

కోరుట్లలో గల్ఫుకు మనుషులను పంపే ఒకాయన ఉండేవాడు. పేరు వద్దు. ఆయనకు కబడ్డీ పిచ్చి. ఆ ఏడు పోటీలు పెట్టించి, తన జట్టులోకి గంగాధర్‌ను తీసుకున్నాడు. చివరి ఆట గెలిపిస్తే, చేతిలో ఉన్న ఒక్క వీసా నీకే అన్నాడు. ఒక్కటే ఉంది. దాని కోసం ఎంతోమంది ఆయన ఇంటి ముందు కూర్చుని ఉన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం లోపలికి పోలేదు.

అవతలి జట్టులో మల్లేశం ఉన్నాడు. వెల్గటూర్ దిక్కు మనిషి, మా కులమే, దూరపు వరసకు నన్ను పెద్దమ్మ అంటాడు. చెట్లెక్కి ఎక్కి కాళ్లు ఉక్కులా ఉండేవి. కూతకు వస్తే మనిషి కనిపించేవాడు కాదు, దుమ్ము కనిపించేది. అతను ఆడిన ఏ ఆటలోనూ గంగాధర్ చేతికి దొరకలేదు.

చివరి ఆటకు ముందురోజు మధ్యాహ్నం, గంగాధర్ ఇంట్లో లేనప్పుడు, మల్లేశం మా ఇంటికి వచ్చాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"ఏందిరా, చెట్టు జారినవా?" అన్నాను.

"చెట్టు నన్నేం జేస్తది పెద్దమ్మా, నేనే దాన్ని సతాయిస్త. గిది మొన్న ఆటల మెలిక పడ్డది. మావోళ్లకు తెలిస్తె రేపు నన్ను గీత అవతల కూసోవెడ్తరు."

"కూసుంటె ఏమైతది? సచ్చిపోతవా?"

"నువ్వు తిట్టినవంటె సగం నొప్పి పోయినట్టే." నవ్వి, కాలు నా ఒడిలో పెట్టాడు. "గని రేపు మీ పట్టకారుకు జర చెప్పు పెద్దమ్మా, మెల్లగ పట్టుమని."

రుద్దాను. బాగానే రుద్దాను, అందులో మోసం లేదు. మోకాలికి లోపలి పక్క నరం వదులై ఉంది. నా బొటనవేలి కింద అది కదిలింది. ఆడొద్దని చెప్పాను. ఒక్క ఆటే కదా అన్నాడు. బరువు మీద పడకుండా చూసుకో అన్నాను. సరేనని, నా పాదాలకు దండం పెట్టి, వచ్చినట్టే చాటుగా పోయాడు.

ఇక్కడి దాకా రాయడానికి నాకు కష్టం లేదు. ఇప్పుడు చెయ్యి ఆగుతోంది.

పొద్దుగూకుతుండగా గంగాధర్ వచ్చి అన్నానికి కూర్చున్నాడు. వాడే నన్ను అడిగాడని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. 'మల్లేశం ఎందుకొచ్చాడవ్వా' అని అడిగినట్టు, నేను నోరు జారినట్టు. ఈ కాగితం మీద కూడా ముందు అలాగే రాశాను. కొట్టేశాను. వాడు అడగలేదు. మల్లేశం వచ్చిన సంగతే వాడికి తెలియదు.

"మల్లేశం దొరుకుడు కష్టమవ్వా," అన్నాడు, అన్నం కలుపుతూ. "ఆని కాలు సేతికి రాదు."

"ఎడమది అస్తది," అన్నాను.

"ఏంది?"

"ఎడమ మోకాలు. లోపటి పక్క నరం కదిలింది. కింద పట్టకు. మోకాలు పట్టి లోపటికి తిప్పు."

వాడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా మొహం వైపు చూశాడు. "గట్ల పడితె ఆని కాలే పోతదవ్వా. చెట్టెక్కేటోడు."

"నీకు వీసా గావాల్నా, గా మోకు గావాల్నా?"

దూలం మీది తండ్రి మోకును వేలితో చూపించాను. వాడు చూడలేదు. లేచి బయట చెయ్యి కడుక్కున్నాడు. అన్నం అలాగే ఉంది. నేను దాన్ని పారేయలేదు, నీళ్లు పోసి పొద్దున తిన్నాను. ఎందుకు రాస్తున్నాను ఇది? నేనెలాంటి మనిషినో మీకు తెలియాలని. ఒక మనిషి కాలు తీయమని చెప్పిన నోటితోనే మిగిలిన మెతుకులు తినగలిగాను.

మరునాడు కోరుట్ల మైదానంలో గీత పక్కనే కూర్చున్నాను. ఎవరికైనా బెణికితే రుద్దడానికి రెండు జట్లవాళ్లూ నన్ను పిలిచారు. మల్లేశం కూతకు వస్తూ నన్ను చూసి కన్ను గీటాడు. నొప్పి లేదు అన్నట్టు. నేను తల దించుకున్నాను. అప్పుడైనా లేచి అరవొచ్చు. 'గంగా, వద్దు' అంటే చాలు. ఆ రెండు మాటలకు ఏం ఖర్చవుతుందని దాచుకున్నాను?

తల ఎత్తేసరికి గంగాధర్ మల్లేశాన్ని పట్టి ఉన్నాడు. చీలమండ కాదు. మోకాలు. కూత ఇంకా నడుస్తోంది. వినిపిస్తోంది. వాడు మోకాలిని లోపలికి తిప్పి ఒళ్లంతా దాని మీద వేశాడు. ఒక చప్పుడు వచ్చింది. పచ్చి కట్టె విరిచినట్టు కాదు, అంత పెద్దది కాదు. చిన్నదే. కూత అరుపైంది. జనం మాత్రం కేకలు వేశారు. మా జట్టు గెలిచింది కదా.

మల్లేశం వాళ్ల అన్న ఊరుకోలేదు. "గిది ఆట గాదు, కొట్టుడు. ఠాణాల కేసు వెడ్త," అన్నాడు. కేసు పడితే పాస్‌పోర్టు ఆగుతుంది. వీసా పక్కవాడికి పోతుంది. పెద్దమనుషులు మధ్యలో పడి, ముందు పంచాయతీలో తేలనివ్వమన్నారు. ఎల్లమ్మ గుడి ముందు కూర్చున్నారు. గీత పక్కన కూర్చున్నది నేను, ఇద్దరికీ కావలసినదాన్ని, నా చేతివాసి అందరికీ తెలుసు. నా మాట మీద తేల్చుకుందామని మల్లేశం వాళ్ల అన్న కూడా ఒప్పుకున్నాడు. తల్లినైనా సరే, నేను అబద్ధం చెప్పనని.

మా దిక్కు లెక్క ఒకటే. కూత ఉన్నంతసేపు ఏం జరిగినా ఆట. కూత తెగిన తరువాత చెయ్యి వేస్తే అది కొట్లాట, దానికి కేసు ఉంటుంది, జైలు ఉంటుంది. నా చేతిలో అమ్మవారి పసుపు బండారి పెట్టి అడిగారు.

"కూత ఉండంగ పట్టిండా, తెగినంక పట్టిండా?"

"ఉండంగనే పట్టిండు," అన్నాను.

అది అబద్ధం కాదు. మీరే చెప్పండి, అబద్ధమా? అమ్మవారి ముందు నిజమే చెప్పాను. అబద్ధం ఆడి ఉంటే, ఆడాను అని ఒక్క మాటలో ఒప్పుకుని దించుకునేదాన్ని. నిజంతో ఒక నేరాన్ని కప్పాను. దాన్ని ఏ పేరుతో ఒప్పుకోవాలో నాకు తెలియక ఇన్నేళ్లు పట్టింది.

అందరూ లేవబోతుంటే ఒక ముసలాయన, ఆట తెలిసినవాడు, తల గోక్కుంటూ అడిగాడు. "గంగడు ఎప్పుడు కిందనే పడ్తడు గదా. గా రోజు మోకాలెందుకు పట్టిండు?"

బండారి ఇంకా నా చేతిలోనే ఉంది.

"సేతికి ఏది దొరికితె గదే పడ్తరు," అన్నాను. ఇది మాత్రం అబద్ధం. అందరూ తలలూపారు. కేసు లేదు. ఆటలో తగిలిన దెబ్బ, దేవుడు రాసింది అన్నారు.

ఆటలో దెబ్బ ఎక్కడికొచ్చి నేరమవుతుంది? వాళ్లు దాన్ని బరిలో వెతికారు. గీత దగ్గర వెతికారు, కూత దగ్గర వెతికారు. దొరకలేదు. ఎలా దొరుకుతుంది? అది జరిగింది మా ఇంట్లో, అన్నం కంచం ముందు. అప్పటికి ఆట మొదలే కాలేదు. బరిలో వాడు చేసింది, ఏమీ తెలియని ఇంకొకడు చేసి ఉంటే ఆటే. తెలిసి చేశాడు. తెలిసేట్టు చేసింది నేను.

గంగాధర్ మస్కట్ పోయాడు. ఆ సంపాదనతోనే ఈ స్లాబు ఇల్లు, పెళ్లి, మనవరాళ్ల చదువు. మళ్లీ బరిలో కాలు పెట్టలేదు. సెలవుకు వచ్చినప్పుడు బరువులు మోసి మోసి పట్టేసిన నడుముతో జగిత్యాల డాక్టరు దగ్గరికి పోతాడు. ఊరంతా నా చేతికి ఒళ్లప్పగిస్తుంది, వాడు మాత్రం ఒక్కనాడూ నన్ను రుద్దనివ్వలేదు. కోడలు అడిగితే, అవ్వకు శ్రమెందుకు అంటాడు. నేను విని పొయ్యి దగ్గరే కూర్చుంటాను.

మల్లేశం కాలు మళ్లీ మడత పడలేదు. మోకు కట్టుకోలేకపోయాడు. చెట్లు వేరేవాళ్లకు పోయాయి. పెళ్లాం రాజవ్వను తీసుకుని సిరిసిల్ల చేరాడు. మరమగ్గాల దగ్గర పొద్దంతా నిలబడే పని, ఆ కాలుతో. ఆమె బీడీలు చుట్టింది. మగ్గాలు ఆగిపోయిన నెలల్లో ఆ బీడీల మీదే బతికారు. కరువు ఎక్కువైనప్పుడు వాళ్ల వాడలో మనుషులు ఉరి పోసుకున్నారని వినేదాన్ని. విన్నప్పుడల్లా, పేరేంటి, పేరేంటి అని అడిగేదాన్ని. వేరే పేరు చెబితే ఊపిరి వదిలేదాన్ని. ఒక ఇంటి చావు విని ఊపిరి పీల్చుకునే బతుకు నాది.

వాళ్లు నన్ను పిలిపించుకునేవారు, కాలు రుద్దమని. పోయేదాన్ని. ఏళ్లపాటు పోయాను. ఎందుకు పోయాను? పాపం కడుక్కోవడానికా? నేను పోకపోతే అనుమానం వస్తుందనా? రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. రాజవ్వ ప్రతిసారీ వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "మా అత్త సెయ్యి పడకపోతె ఈయన లేసి నడిసేటోడే గాదు," అనేది. ఆ మాట వినడం కంటే ఆమె నా మొహం మీద ఉమ్మినా బాగుండేది. పొట్లం కట్టి ఇచ్చిన మక్కజొన్న గారెలు బస్సులో తినలేక, పారేయలేక, ఇంటికి తెచ్చి మనవరాళ్లకు పెట్టేదాన్ని.

ఇప్పుడెందుకు చెబుతున్నాను అంటే, ఈ మధ్య మల్లేశం మా ఇంటికి వచ్చాడు. కట్టె పట్టుకుని, బిడ్డను వెంట పెట్టుకుని. ఆ పిల్ల కబడ్డీ ఆడుతుంది. హైదరాబాద్‌లో జీతమిచ్చి ఆడించే జట్టులో తీసుకున్నారట. తండ్రి లాగే కూతకు పోతుందట. నా ఎదురుగా కూర్చుని మోకాలు పట్టుకుంది. బెణికింది. జట్టులో తెలిస్తే పక్కన పెడతారని దాచింది.

"డాక్టర్ కాడికి పోతె వాళ్లకు ఎరుకైతది పెద్దమ్మా," అన్నాడు మల్లేశం. "గందుకే నీ కాడికి తెచ్చిన. నీ నోట్లకెళ్లి మాట బయటికి రాదు."

ఆ పిల్ల కాలు నా ఒడిలో పెట్టింది. నూనె వెచ్చబడి ఉంది. నా చెయ్యి లేవలేదు. నిజంగానే లేవలేదు, నేను ఆపింది కాదు. ఏమైందవ్వా అని ఆ పిల్ల అడిగింది. ఏమవుతుందో నాకు తెలుసు. రుద్దుతాను, వాళ్లు దండం పెట్టి పోతారు, నేను మళ్లీ మంచిదాన్నవుతాను. ఇంకొన్నాళ్లకు చస్తాను. సిరిసిల్ల నుంచి మల్లేశం వస్తాడు, నా పాడె మొయ్యడానికి, ఆ కాలుతో.

"మాట బయటికి వచ్చింది మల్లేశం," అన్నాను. "ఒక్కసారి వచ్చింది."

అతనికి అర్థం కాలేదు. చెప్పాను. ఎడమది అని, లోపలి పక్క అని, తిప్పమని, మొత్తం. తల దించుకుని కాదు, మొహం చూసి చెప్పాను. అంత మాత్రం అతనికి బాకీ ఉన్నాననిపించింది.

అతని మొహం ఎర్రబడలేదు, తెల్లబోలేదు. గోడకు ఆనించిన కట్టె వైపు చూశాడు. తరువాత ఒకే ఒక్క మాట అడిగాడు.

"గంగడు అడిగిండా? నువ్వే చెప్పినవా?"

అడిగాడని చెప్పడం ఎంత తేలిక! సగం మోపు మస్కట్‌లో ఉన్నవాడి మీద వేసేయొచ్చు. వాడు కాదనడు కూడా. ఏ రోజూ కాదనలేదు.

"ఆడు వద్దన్నడు. కాలు పోతదన్నడు. నేనే పట్టుమన్న."

మల్లేశం వంగలేక వంగి, తన బిడ్డ కాలును నా ఒడిలోంచి తీశాడు. మెల్లగా, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తినట్టు తీశాడు. మోకాలికి అంటిన నూనెను తన పైతువాలతో తుడిచాడు. "లే బిడ్డా, డాక్టర్ కాడికి పోదం," అన్నాడు. నన్ను తిట్టలేదు. దండం పెట్టలేదు. ఆ పిల్ల గడప దాటుతూ వెనక్కి చూసింది, అతను చూడలేదు. మెట్టు దిగడానికి అతనికి చాలాసేపు పట్టింది. చెయ్యి అందిద్దామని లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఆ చెయ్యి అతనికి ఎందుకు?

క్షమించమని నేను అడగలేదు. ఎలా అడుగుతాను? అడిగితే ఇంకోసారి అతని దగ్గర ఏదో లాక్కున్నట్టే. కొడుకుకు ఫోన్‌లో చెప్పాను, మల్లేశానికి చెప్పేశానని. "తిన్నవా అవ్వా?" అన్నాడు. తిన్నానన్నాను. నిజంగానే తిన్నాను.

మల్లేశం ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్లో ఇంకా నేను మంచిదాన్నే. అది నాకు వద్దు. అందుకే ఇది రాస్తున్నాను, అందుకే ఇంకొకటి కూడా చేస్తున్నాను. బెణుకుతో ఎవరొచ్చినా గడప దగ్గరే ఆపి, ఒక మనిషి నమ్మి చూపించిన నొప్పిని నేను పగవాడి చేతిలో పెట్టాను, అది విని అప్పుడు లోపలికి రండి అంటున్నాను.

అలా మొదట నిన్న బోయినపల్లి దిక్కు నుంచి ఒకామె వచ్చింది, మణికట్టు వాచి. చెప్పాను. విన్నది. వాచిన చేతిని కొంగులో చుట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. నేను పిలవలేదు. రెండోసారి చెప్పడం మొదటిసారి అంత కష్టంగా లేదు.